‘ఈ ఉద్యోగం వద్దు’ అనిపించినప్పుడు: కారణం, ధైర్యం, లెక్క

క్లుప్తంగా

ఉద్యోగంలో అసంతృప్తికి పని, షరతులు, మనుషులు, అలసట అని నాలుగు వేర్వేరు మూలాలుంటాయి. ఏది బాధిస్తోందో తేలకుండా ‘ఓర్చుకో’ అన్నా, ‘మానెయ్’ అన్నా ఆ సలహా గురి తప్పుతుంది. ధైర్యం మాటల వల్ల వచ్చేది తక్కువ, చేసి చూసుకున్న చిన్న పనుల వల్ల వచ్చేది ఎక్కువ. వదలక తప్పని పరిస్థితి వస్తే గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు కంపెనీ చివర్లో ఇచ్చే సొమ్ము), పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా), బాండు (మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలన్న ఒప్పందం) లెక్కలు తేదీలతో సహా ముందే చూసుకోవాలి. చాలామంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే.

రెండు తరాల సలహాలు

తిరుపతి, చిత్తూరు వైపు ఒక తరం కింద మంచి ఉద్యోగమంటే టీటీడీ, ఆర్టీసీ, రైల్వే, బ్యాంకు, బడి, యూనివర్సిటీ. చేరినవాళ్ళు రిటైరయ్యేదాకా అక్కడే ఉండేవాళ్ళు. ఇంక్రిమెంటు ఎప్పుడో, ప్రమోషన్ వరసలో తమ స్థానం ఎక్కడో, పెన్షన్ ఎంతో దాదాపు ముందే తెలిసేది. అలాంటి కొలువులో నాలుగేళ్ళ కష్టానికి ఫలితం ఖాయం కాబట్టి ‘ఓర్చుకో నాయనా, అదే సర్దుకుంటాది’ అన్న పెద్దల మాటకు గట్టి ఆధారం ఉండేది.

ఇప్పటి ఉద్యోగాల్లో చాలావాటికి ఆ ఆధారం లేదు. కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ, సత్యవేడు వైపు 2008లో మొదలైన శ్రీసిటీ, ఆ తర్వాత రేణిగుంట చుట్టూ వచ్చిన ఎలక్ట్రానిక్స్ కంపెనీలు, ప్రైవేటు ఆసుపత్రులు, ఇంజినీరింగ్ కాలేజీలు, లాడ్జీలు, మామిడి సీజన్‌లో మాత్రమే నిండుగా నడిచే చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలు: వీటిలో కాంట్రాక్టు ఉంటుంది, ఏజెన్సీ ఉంటుంది, షిఫ్టు మారుతుంది, పక్క కంపెనీ రెండు వేలు ఎక్కువిస్తుంది. ఇక్కడ ఓర్పుకు ఫలితం ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. అందుకే ఇంట్లో ‘ఓర్చుకో’ అని, స్నేహితులు ‘మానెయ్’ అని అంటుంటే మధ్యలో మనిషి నలుగుతాడు. ఇద్దరూ మంచి కోరే చెబుతున్నారు. కానీ ఏ బాధకు మందు చెబుతున్నారో ఇద్దరూ అడగలేదు.

నాలుగు మూలాలు, రెండు వారాల నోట్సు

పని అంటే రోజూ చేతులతో, బుర్రతో చేసేది. షరతులంటే జీతం, షిఫ్టు, దూరం, సెలవు, ఉద్యోగ భద్రత. మనుషులంటే సూపర్‌వైజరు, తోటివాళ్ళు, కస్టమర్లు. అలసట అంటే నిద్ర, ఒళ్ళు, ఇంటి బరువు. లోపలి నుంచి చూసినప్పుడు నాలుగూ కలిసిపోయి ‘ఉద్యోగమే బాగాలేదు’ అన్న ఒకే మాటగా బయటికొస్తాయి.

జీతం పెరిగితే అన్నీ సర్దుకుంటాయన్న అంచనా తరచూ తప్పడానికి కారణం ఇదే. అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో ఒక తేడా చూపించారు. జీతం, సౌకర్యాలు, పర్యవేక్షణ సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి బాగుపడితే ఆ అసంతృప్తి పోతుంది, అంతవరకే. సంతృప్తి రావాలంటే పనిలో ఎదుగుదల, గుర్తింపు, బాధ్యత ఉండాలి. ఆయన సిద్ధాంతంపై విమర్శలున్నాయి గానీ, ఇంక్రిమెంటు వచ్చిన రెండు నెలలకే పాత దిగులు మళ్ళీ తలెత్తడాన్ని అర్థం చేసుకోవడానికి ఈ తేడా ఇప్పటికీ పనికొస్తుంది.

స్వీడన్, అమెరికా ఉద్యోగులపై రాబర్ట్ కరాసెక్ 1979లో వెలువరించిన విశ్లేషణ ఇంకో కోణం చూపింది. పని ఒత్తిడి ఒక్కటే మనిషిని కుంగదీయదు. ఒత్తిడి ఎక్కువై, నిర్ణయించే అధికారం తక్కువైతే కుంగదీస్తుంది. వైకుంఠ ద్వార దర్శనం రోజుల్లో లాడ్జి రిసెప్షన్‌లో కూర్చున్న కుర్రాణ్ణి చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. గది ఖాళీ కాలేదని యాత్రికులు అతని మీదే అరుస్తారు. డబ్బు తిరిగిచ్చే అధికారం గానీ, వేరే గది తెరిచే అధికారం గానీ అతని చేతిలో ఉండవు. అక్కడ ‘ఒత్తిడి తట్టుకోవడం నేర్చుకో’ అనడం కన్నా, ఫలానా మొత్తం వరకు అతనే తిరిగిచ్చేలా యజమాని అనుమతించడం పది రెట్లు మేలు చేస్తుంది.

ఏ మూలం ఎక్కువగా బాధిస్తోందో తెలియాలంటే రెండు వారాలు నోట్సు రాయాలి. రోజూ పని ముగిశాక మూడే మూడు వాక్యాలు: ఏ గంట భారంగా గడిచింది, ఆ గంటలో ఏం జరుగుతోంది, ఏ గంట సాఫీగా గడిచింది. పక్కన ఆ రోజు ఎంత బాగా గడిచిందో చెప్పే ఒక అంకె, సున్నా నుంచి పది లోపు. వారాంతపు సెలవు రోజు కూడా రాయాలి, అసలు సమాచారం చాలావరకు ఆ రోజు దగ్గరే దొరుకుతుంది. సెలవుతో అంకె బాగా మెరుగై, వారం గడిచేకొద్దీ మళ్ళీ దిగజారుతుంటే మూలం అలసట. ఫలానా మనిషి డ్యూటీలో ఉన్న రోజుల్లోనే దిగజారుతుంటే మూలం తెలిసిపోయినట్టే. మనుషులు మంచివాళ్ళై, నిద్ర సరిపోయి, అయినా ప్రతిరోజూ ఒకే అంకె దగ్గర చప్పగా ఉంటే పనే సరిపడటం లేదేమో చూడాలి.

ఈ పద్ధతి ఎక్కువగా రెండు చోట్ల చెడుతుంది. బాధ కలిగిన రోజే రాసి, మామూలు రోజు వదిలేస్తారు. అప్పుడు నోట్సంతా ఫిర్యాదుల చిట్టా అవుతుంది తప్ప పోల్చుకోవడానికి పనికిరాదు. లేదా బ్రహ్మోత్సవాలు, ఆడిట్, పరీక్షల మూల్యాంకనం లాంటి అసాధారణ రోజుల్లో రాసి, అదే ఏడాది పొడుగునా ఉండే పరిస్థితి అనుకుంటారు.

దూరాన్ని ఉద్యోగం ఖాతాలో వేయడం

ఈ ప్రాంతంలో తరచూ పొరపాటు జరిగేది ఇక్కడ. తిరుపతి నుంచి శ్రీసిటీ సుమారు 80 కిలోమీటర్లు. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు కంపెనీ బస్సు నాలుగింటికల్లా ఎక్కాలి, మూడుంబావుకు లేవాలి. రెండింటికి షిఫ్టు దిగితే ఇల్లు చేరేసరికి నాలుగు దాటుతుంది. ఎనిమిది గంటల ఉద్యోగం పన్నెండు గంటలవుతుంది. చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ వచ్చిపోయేవాళ్ళ పరిస్థితీ దీనికి దగ్గరే. పనిలో ఏ లోపం లేకపోయినా ఇలా ఆరు నెలలు గడిచాక ఎవరికైనా ఉద్యోగం మీద విసుగు పుడుతుంది.

షిఫ్టు మారే వరస కూడా ముఖ్యమే. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలో ముందుకు మారితే ఒంటికి కొంత సులువు. రాత్రి నుంచి మధ్యాహ్నానికి, అక్కణ్ణుంచి ఉదయానికి వెనక్కి మారితే కష్టం. మన శరీర గడియారం రోజును సాగదీసుకోగలిగినంత తేలిగ్గా కుదించుకోలేదు. రాత్రి షిఫ్టు తర్వాత పగటి నిద్ర మామూలు నిద్ర కంటే తక్కువసేపే పడుతుంది, ఇంట్లో పిల్లలు, ఎండ, ఫోను దాన్ని ఇంకా కోసేస్తాయి.

రాజీనామా ఆలోచనకు ముందు ఒక పరీక్ష చేసి చూడటం మంచిది. నెలరోజులు సూళ్ళూరుపేట, తడ, సత్యవేడు లాంటి దగ్గరి ఊళ్ళో తోటివాళ్ళతో గది పంచుకుని ఉండాలి, లేదా జనరల్ షిఫ్టు అడగాలి. అద్దె ఖర్చు కొంత భారమే. కానీ నోట్సులో అంకె మెరుగైతే ఆ మనిషి వదలాల్సింది ఉద్యోగం కాదు, ప్రయాణం. మెరుగవకపోతే ఆ అనుమానం కూడా తీరిపోతుంది.

అలసట హద్దు దాటితే

ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను జబ్బుగా కాక, పనికి సంబంధించిన స్థితిగా వర్గీకరించింది. దాని గుర్తులు మూడు: శక్తి ఇంకిపోవడం, పని మీద దూరం లేదా విముఖత, పని సరిగా చేయలేకపోతున్నానన్న భావన. ఇది ఉద్యోగం చుట్టూనే తిరుగుతుంది. దిగులు సెలవులో కూడా వదలకుండా, రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి చెడి, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోతే అది కుంగుబాటు కావచ్చు, దానికి వైద్యం ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ సేవలో తెలుగులోనే, ఉచితంగా, ఏ వేళలోనైనా మాట్లాడొచ్చు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే నోట్సులు, లెక్కలు అన్నీ పక్కనపెట్టి అదే రోజు సహాయం తీసుకోవాలి, ఇంట్లో ఒకరికైనా చెప్పాలి.

మాటతో వచ్చిన ధైర్యం ఎందుకు నిలవదు

మనసు బాగాలేనప్పుడు కొండకి వెళ్ళొస్తే తేలికపడటం, మంచి ప్రసంగం వింటే ఉత్సాహం రావడం నిజమే. ఆ తేలిక విలువైనదే, దాన్ని తీసిపారేయక్కర్లేదు. సోమవారం ఉదయానికి అది ఎందుకు పలచబడుతుందన్న దానికి మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ఇచ్చిన వివరణ ఉంది. ‘నేను చేయగలను’ అన్న నమ్మకానికి ఆయన నాలుగు ఊటలు చెప్పారు: స్వయంగా చేసి గెలిచిన అనుభవం, తనలాంటివాళ్ళు చేయగా చూడటం, ఇతరులు చెప్పే మాట, ఒంటి స్థితి. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. మాటతో వచ్చిన నమ్మకం ఎదురుదెబ్బ తగలగానే కరుగుతుంది.

‘నువ్వు ఏదైనా సాధించగలవు’ అన్న పొగడ్త కన్నా రెండు వారాల్లో పూర్తయ్యే ఒక చిన్న పని ఎక్కువ ధైర్యమిస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ నేర్చుకుని సొంత విభాగం రిపోర్టు తయారుచేయడం, పాత రెజ్యూమే తిరగరాయడం, ఒక్క ఇంటర్వ్యూకు వెళ్ళి రావడం అలాంటివి. ఇంటర్వ్యూలో ఎంపిక కాకపోయినా, బయట ఏం అడుగుతున్నారో తెలిసినవాడికి భయం సగం తగ్గుతుంది. రెండో ఊట కోసం మరీ పెద్ద విజేతలను చూడనక్కర్లేదు. అదే డిప్లొమా చేసి, అదే లైన్‌లో మొదలై, మూడేళ్ళ ముందు నడిచిన సీనియర్ చాలు. పోలిక ఎంత దగ్గరగా ఉంటే నమ్మకం అంత గట్టిగా పుడుతుంది.

నాలుగో ఊటను చాలామంది లెక్కలోకే తీసుకోరు. నిద్రలేని మనిషికి తన సామర్థ్యం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. వరసగా రాత్రి షిఫ్టులు చేసిన వారంలో ‘నాకేమీ చేతకాదు’ అనిపిస్తే దాన్ని తీర్పుగా తీసుకోకూడదు. పెద్ద నిర్ణయం ఆ వారంలో అసలే తీసుకోకూడదు.

ఉన్నచోటే మారేవి

చాలా ఫ్యాక్టరీల్లో లైన్ చివర బోర్డు మీద, ఎవరికి ఏ పని వచ్చో చూపే స్కిల్ మ్యాట్రిక్స్ అంటించి ఉంటుంది. ఎడమవైపు ఆపరేటర్ల పేర్లు, పైన స్టేషన్ల (ఒక్కో పని జరిగే చోట్ల) పేర్లు, ప్రతి గడిలో నాలుగు భాగాలుగా చీల్చిన ఒక సున్నా. ఒక భాగం నింపి ఉంటే నేర్చుకుంటున్నట్టు, రెండు నిండితే పర్యవేక్షణలో చేయగలిగినట్టు, మూడు నిండితే సొంతంగా చేయగలిగినట్టు, నాలుగూ నిండితే ఇతరులకు నేర్పగలిగినట్టు. లైన్ లీడర్ పేరు పరిశీలనకు వచ్చినప్పుడు ఈ బోర్డునే చూస్తారు. ఒకే స్టేషన్‌లో నాలుగు భాగాలూ నింపుకుని ఏడాదిన్నర నిలబడినవాడికి విసుగూ వస్తుంది, ప్రమోషనూ రాదు. పక్క స్టేషన్‌లో రోజుకు అరగంట నేర్పించమని అడిగినవాడికి రెండు సమస్యలకూ ఒకే మందు దొరుకుతుంది.

ఇలా పనిని కొద్దికొద్దిగా మలచుకోవడాన్ని జాబ్ క్రాఫ్టింగ్ పేరుతో 2001 నుంచి పరిశోధకులు అధ్యయనం చేస్తున్నారు. నర్సు ఇన్ఫెక్షన్ కంట్రోల్ బాధ్యత అడగడం, జూనియర్ లెక్చరర్ రికార్డుల పని బదులు ల్యాబు అడగడం, బ్యాంకు క్లర్కు వారంలో రెండు రోజులు కౌంటర్ నుంచి లోన్ సెక్షన్‌కు మారడం ఇదే కోవ.

అడిగే తీరులోనే సగం ఫలితం ఉంటుంది. షిఫ్టు చేతులు మారే పావుగంటలో, టార్గెట్ తప్పిన రోజున అడిగితే తిరస్కారం ఖాయం. ఒకటే కోరిక, దాని గడువు, దానివల్ల విభాగానికి ఒరిగేది చెప్పాలి: ‘సార్, వచ్చే నెల నాలుగు శనివారాలు టెస్టింగ్ స్టేషన్‌లో నేర్చుకుంటాను, అక్కడ ఎవరైనా సెలవు పెడితే నేను నిలబడతాను.’ ఒప్పుకున్నాక అదే విషయాన్ని మెయిల్లోనో వాట్సాప్‌లోనో మర్యాదగా రాసి పంపితే తర్వాత ‘నేననలేదే’ అన్న మాట రాదు.

మలచుకోవడం పనికిరాని సందర్భాలూ ఉన్నాయి, అవి స్పష్టంగా చెప్పాలి. జీతం నెలల తరబడి ఆగడం, అవమానించే మాటలు, లైంగిక వేధింపు ఉన్నచోట లోపం ఉద్యోగి దృక్పథంలో లేదు. లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. చిన్న సంస్థలకు జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంటుంది. జీతం బకాయికి కార్మిక శాఖ ఉంది.

దారి చెప్పగలిగింది ఎవరు

కుటుంబం, దగ్గరి స్నేహితులు ప్రేమతో చెబుతారు, కానీ వాళ్ళకు తెలిసిన ఖాళీలు మనకూ తెలిసినవే అయివుంటాయి. సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో చెప్పిన ఈ సంగతిని, ఉద్యోగ పరిచయాల వెబ్‌సైటు లింక్డ్‌ఇన్‌లో జరిగి 2022లో వెలువడిన ప్రయోగం సుమారు 2 కోట్ల మంది మీద పరీక్షించింది. మరీ దగ్గరివాళ్ళ కన్నా, ఓ మోస్తరు పరిచయం ఉన్నవాళ్ళ ద్వారానే ఉద్యోగ మార్పు ఎక్కువగా జరిగిందని తేలింది.

పాత పాలిటెక్నిక్ బ్యాచ్, కంపెనీ మారిన మాజీ సహోద్యోగి, బస్సులో పలకరించుకునే పక్క కంపెనీ టెక్నీషియన్ ఈ కోవలోకి వస్తారు. ‘అన్నా, ఏదైనా ఉంటే చూడు’ అంటే ‘చూద్దాం తమ్ముడూ’ అని ఊరుకుంటారు. ‘మీ దగ్గర మెయింటెనెన్స్‌లో చేరాలంటే ఏం తెలిసుండాలి, నెలకు ఓవర్‌టైమ్ ఎంత ఉంటుంది, మనుషులు ఎందుకు వదిలి వెళ్తున్నారు’ అని అడిగితే పది నిమిషాలు మాట్లాడతారు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు అన్నిటికన్నా పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగ సమాచార వేదిక నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో నమోదు ఉచితం. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవాళ్ళతో మాట అక్కడితో ఆపాలి.

సర్కారు కొలువు ప్రిపరేషన్

ప్రైవేటులో విసిగినవాళ్ళకు తట్టే మొదటి దారి ఇదే. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు 3.3 లక్షలకు పైగా అభ్యర్థులు పోటీపడ్డారు, అంటే సగటున ఒక్కో పోస్టుకు ఇరవై మంది. సబ్జెక్టు, జిల్లా, రిజర్వేషన్ బట్టి ఈ పోటీ చాలా మారుతుంది. దీనికి ముందు ఉపాధ్యాయ నియామకాలు జరిగింది 2018 నోటిఫికేషన్‌తో. అసలు చిక్కు పోటీ కన్నా ఈ విరామంలోనే ఉంది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని పరీక్ష కోసం ఉద్యోగం వదిలితే దాచుకున్న డబ్బు ముందు అయిపోతుంది, నోటిఫికేషన్ తర్వాత వస్తుంది.

నోటిఫికేషన్ వచ్చేదాకా ఉద్యోగంలో ఉంటూ రోజుకు రెండు గంటల చదువు, వచ్చాక సెలవో విరామమో తీసుకోవడం ఎక్కువమందికి నప్పే దారి. ఎన్ని ప్రయత్నాలు, ఏ వయసు వరకు అన్నది ముందే కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ళకు చూపించాలి. హద్దు లేకుండా మొదలైన ప్రిపరేషన్ ముప్పై దాటాక మనిషిని మరింత ఒంటరిని చేస్తుంది.

వదిలే ముందు లెక్క

గ్రాట్యుటీతో మొదలుపెట్టాలి. మామూలుగా ఐదేళ్ళ నిరంతర సర్వీసు ఉండాలి. చివరి నెల మూల వేతనం, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్ళతో గుణిస్తారు. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. మూల వేతనం, డీఏ కలిపి 16,000 ఉండి, 6 ఏళ్ళ 7 నెలలు చేసినవాళ్ళకు ఏడేళ్ళ కింద సుమారు 64,600 రూపాయలు వస్తుంది. అదే మనిషి 4 ఏళ్ళ 7 నెలలకు వదిలితే చేతికేమీ రాదు. ఐదో ఏడాదిలో 240 రోజులు చేస్తే చాలని మద్రాసు హైకోర్టు తీర్పు ఉంది గానీ, దాన్ని పట్టుకుని కంపెనీతో పోరాడటం కన్నా నాలుగైదు నెలలు ఆగగలిగితే ఆగడం మేలు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలపు) ఒప్పందం మీద చేరినవాళ్ళకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వర్తిస్తుంది, కాబట్టి నియామక పత్రంలో తమది ఏ రకమో చూసుకోవాలి.

పీఎఫ్‌ను విత్‌డ్రా చేయడం కన్నా కొత్త కంపెనీకి బదిలీ చేయడం లాభం. ఐదేళ్ళు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. బదిలీ చేస్తే పాత సర్వీసు కూడా ఆ ఐదేళ్ళలో కలుస్తుంది. పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్‌కు పదేళ్ళ సర్వీసు కావాలి. మధ్యలో పెన్షన్ సొమ్ము కూడా తీసేసుకుంటే అప్పటిదాకా చేసిన ఏళ్ళు లెక్కలోంచి పోతాయి. దాని బదులు, చేసిన సర్వీసును నమోదు చేసే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే నిలుస్తాయి.

ఈఎస్‌ఐ పరిమితి నెలకు 21,000. ఇరవై వేల ఐదొందల నుంచి ఇరవై మూడు వేలకు మారితే జీతం పెరిగినట్టే, కానీ కొత్త చోట ఈఎస్‌ఐ వర్తించదు. ఆధారపడిన తల్లిదండ్రుల వైద్యం దాని మీదే నడుస్తుంటే, కొత్త కంపెనీ గ్రూపు బీమాలో తల్లిదండ్రులు ఉన్నారో లేదో చేరకముందే అడగాలి. రెండున్నర వేల పెంపు ఒక్క ఆసుపత్రి బిల్లుతో ఆవిరవుతుంది. ప్రసవం దగ్గరపడినవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఈఎస్‌ఐ ప్రసూతి ప్రయోజనానికి ముందరి రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 70 రోజుల చందా ఉండాలి.

బాండు కాగితం చెల్లదులే అని కొట్టిపారేయకూడదు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్ళు నిండకుండా వెళ్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. ప్రతి ప్రైవేటు కాలేజీ, కంపెనీ బాండుకూ అదే వర్తిస్తుందని కాదు. కట్టమనే సొమ్ము సహేతుకంగా ఉండాలి. అయినా సంతకం పెట్టిన కాగితం నకలు దగ్గర పెట్టుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేసి, రాజీనామా మాట ఎత్తకముందు ఏదో దరఖాస్తుకు అవసరమని చెప్పి తెచ్చుకోవడం కన్నా, చేరేటప్పుడే నకళ్ళు మాత్రమే ఇస్తామనడం సరైన దారి. ఇచ్చేసినవాళ్ళు వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడగాలి.

రాజీనామా మెయిల్లో పంపాలి, చివరి పనిదినం తేదీ వేయాలి, కారణం ఒక్క వాక్యానికి మించి రాయనక్కర్లేదు. కొత్త ఆఫర్ లెటర్ చేతికి రాకముందు, ఫోన్‌లో ‘సెలెక్టయ్యారు’ అన్న మాట మీద రాజీనామా పెట్టకూడదు. కొత్త వేతన స్మృతి ప్రకారం రాజీనామా చేసినవాళ్ళ వేతన బకాయిలు రెండు పనిదినాల్లో చెల్లించాలి. రిలీవింగ్ లెటర్, సర్వీసు సర్టిఫికెట్, చివరి మూడు నెలల పే స్లిప్పులు చివరి రోజే తీసుకోవాలి. కంపెనీ మెయిల్ ఆ సాయంత్రమే ఆగిపోతుంది. తర్వాత పీఎఫ్ పోర్టల్‌లో వైదొలిగిన తేదీ నమోదైందో లేదో చూడాలి. పాత కంపెనీ వేయకపోతే, చివరి చందా జమైన రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో ఉద్యోగే వేసుకోవచ్చు. ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ పీఎఫ్ రికార్డుతో కలవకపోతే బదిలీ అక్కడే ఆగిపోవచ్చు.